పాత అంబాసిడర్‌కు ఏ సెల్ఫ్ మోటారు వేయాలి? కొనే ముందు ఫ్లైవీల్ పళ్లు లెక్కపెట్టండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. 1972 మార్క్ 2 అంబాసిడర్, 1489 సి.సి. పెట్రోల్ ఇంజిన్, మీ తాతగారు కొన్న బండి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు సెల్ఫ్ (ఇంజిన్‌ని స్టార్ట్ చేసే మోటారు) ఓ మాదిరిగా తిప్పుతోంది. ఇంజిన్ వేడెక్కాక బరువుగా మూలుగుతోంది. అప్పుడప్పుడు ఇంజిన్‌ని పట్టుకోకుండా ఊరికే గిర్రున తిరిగి ఆగిపోతోంది. షెడ్డులో మెకానిక్ "సెల్ఫ్ అయిపోయింది, మార్చేద్దాం" అన్నారు. పాతదాన్నే బాగు చేయించాలా, పాత సామాన్ల కొట్లో రీకండిషన్ మోటారు కొనాలా, బయటి దేశం నుంచి లోపల గేర్లుండే గేర్ రిడక్షన్ మోటారు తెప్పించాలా అని అడిగారు.

సమాధానం ముందే చెప్పేస్తాను. మీ పాత లూకాస్ కంపెనీ మోటారునే శ్రద్ధగా బాగు చేయించుకోండి. దాని ఆర్మేచర్ (లోపల తిరిగే రాగి చుట్ల భాగం) పనికిరాదని తేలితే అదే రకం మోటారు ఇంకొకటి వెతకండి. గేర్ రిడక్షన్ మూడో దారి, అది కూడా నేను కింద చెప్పే కొలతలన్నీ కలిశాకే. ఇంకో మాట, మీరు చెప్పిన లక్షణాల్లో సగం మోటారువి కాకపోవచ్చు. డబ్బు ఖర్చు పెట్టే ముందు ఆ సంగతి తేల్చుకుందాం.

సెల్ఫ్ ఇంజిన్‌ని తిప్పేటప్పుడు బ్యాటరీ నుంచి వందల ఆంపియర్లు లాగుతుంది. 200 ఆంపియర్లు పారే దారిలో ఎక్కడో తుప్పు పట్టిన టెర్మినల్ దగ్గర 0.01 ఓం అడ్డంకి ఉందనుకోండి, అక్కడే 2 వోల్టులు పోతాయి. చూడటానికి ఆ టెర్మినల్ బాగానే ఉంటుంది, హెడ్‌లైట్లు కూడా వెలుగుతాయి. సెల్ఫ్ మాత్రం మూలుగుతుంది. అందుకే చేతిలో ఒక మామూలు డిజిటల్ మీటరు లేకుండా సెల్ఫ్ గురించి ఎవరు తీర్పు చెప్పినా నేను నమ్మను.

ఇలా చేయండి. కాయిల్‌కి వచ్చే సన్న వైరు ఊడదీస్తే ఇంజిన్ స్టార్ట్ కాదు, ఊరికే తిరుగుతుంది. మీటరు కొనలు క్లాంపు మీద కాకుండా బ్యాటరీ సీసం పోస్టుల మీదే పెట్టి, పక్కనున్నవాళ్లని సెల్ఫ్ కొట్టమనండి. పూర్తిగా ఛార్జ్ అయిన బ్యాటరీ మామూలుగా 12.6 చూపిస్తుంది, సెల్ఫ్ కొడుతుండగా 10కి అటూఇటూగా నిలబడాలి. 9 కిందికి జారిపోతే ముందు బ్యాటరీని అనుమానించండి. తర్వాత ఒక కొన బ్యాటరీ లైవ్ పోస్టు మీద, రెండోది మోటారు టెర్మినల్ మీద పెట్టి మళ్లీ కొట్టమనండి. అర వోల్టు దాటితే దారిలో కేబులో, సొలినాయిడో (సెల్ఫ్‌కి కరెంటు కలిపే పెద్ద స్విచ్) వోల్టేజి తినేస్తోందన్నమాట. చివరగా మోటారు బాడీ నుంచి బ్యాటరీ ఎర్త్ పోస్టుకి (బండి బాడీకి కలిపి ఉన్న పోస్టు) చూడండి. అక్కడ 0.2, 0.3 దాటకూడదు.

ఈ చివరి పరీక్షలోనే పాత అంబాసిడర్లు ఎక్కువగా దొరికిపోతాయి. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది. ఇంజిన్ నుంచి ఛాసిస్‌కి ఒక అల్లిక ఎర్త్ పట్టీ ఉండాలి. ఎప్పుడో గేర్‌బాక్స్ దించినప్పుడు ఎవరో ఊడదీసి మళ్లీ బిగించడం మర్చిపోతారు. అప్పుడు ఆ వందల ఆంపియర్లు యాక్సిలరేటర్ కేబుల్, చోక్ కేబుల్ లాంటి సన్నటి దారుల్లో వెళ్లాలని చూస్తాయి. సెల్ఫ్ కొట్టాక మీ చోక్ కేబుల్ వేడిగా తగిలితే, మీ జబ్బు ఆ పట్టీ లేకపోవడమే. కొత్త పట్టీ వేయించి, రెండు వైపులా పెయింటు గీకి, లోహానికి లోహం తగిలేలా బిగించండి. ఇదొక్కటీ చేసి, తీసి పక్కన పెట్టిన సెల్ఫ్‌నే మళ్లీ వేసుకుని ఏళ్లు నడిపినవాళ్లని నేను చూశాను.

వేడెక్కాకే బరువుగా తిరుగుతోందన్నారు కదా, దానికి ఇంకో కారణం ఇగ్నిషన్ టైమింగ్. అడ్వాన్స్ ఎక్కువైతే పిస్టన్ పైకి రాకముందే మంట అంటుకుని వెనక్కి తంతుంది. సెల్ఫ్ ఆ తన్నుతో పోట్లాడాలి. దీన్ని పట్టుకోవడం తేలిక. ఇంజిన్ బాగా వేడిగా ఉన్నప్పుడు కాయిల్ సన్న వైరు తీసి సెల్ఫ్ కొట్టండి. అప్పుడు హాయిగా తిరిగి, వైరు పెట్టగానే మళ్లీ ఎగదన్నుతుంటే మోటారులో తప్పు లేదు, డిస్ట్రిబ్యూటర్ సరిచేయించండి.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా వేడిమీద మూలుగుతుంటే అప్పుడు మోటారులోకి వెళ్దాం. నా అనుభవంలో అలాంటప్పుడు పదిలో ఎక్కువసార్లు దొరికేది బుష్‌లు, అంటే మోటారు షాఫ్ట్ తిరిగే గొట్టాల్లాంటి బేరింగులు. వాటి సంగతి తర్వాత వివరంగా చెబుతాను.

ముందు మీ మోటారు ఏ రకమో అర్థం చేసుకోవాలి. కొనేటప్పుడు జరిగే తప్పులన్నీ ఇది తెలియకే జరుగుతాయి. మీ బండిలో ఉన్నది ఇనర్షియా రకం, మన షెడ్లలో బెండిక్స్ అంటారు. విన్సెంట్ బెండిక్స్ అనే అమెరికన్ పేరు అది. ఇందులో పినియన్ అనే చిన్న పళ్ల చక్రం ఒక మరల గొట్టం మీద వదులుగా ఉంటుంది. కరెంటు తగలగానే మోటారు షాఫ్ట్ ఒక్కసారిగా తిరుగుతుంది. పినియన్ తన బరువు వల్ల వెంటనే తిరగలేక, మరల మీద జారుతూ వెళ్లి, ఇంజిన్ వెనకున్న ఫ్లైవీల్ అనే బరువు చక్రం చుట్టూ ఉన్న రింగ్ పళ్లలో పడుతుంది. ఆ తాకిడిని ఒక బలమైన స్ప్రింగు తట్టుకుంటుంది. ఇంజిన్ స్టార్ట్ అయి రింగు వేగం పెరగగానే పినియన్ అదే మరల మీద వెనక్కి వచ్చేస్తుంది. సొలినాయిడ్ మోటారు మీద ఉండదు, వేరే చోట బిగించి ఉంటుంది. చాలావాటికి రబ్బరు టోపీ కింద చేత్తో నొక్కే బటన్ కూడా ఉంటుంది.

మీరు చెప్పిన ఊరికే గిర్రున తిరగడం అన్నది ఈ ఏర్పాటులోంచి వచ్చేదే. మరల గొట్టం మీద క్లచ్ ప్లేటు దుమ్ము, పాత గ్రీజు కలిసి జిగురులా పట్టుకుంటే పినియన్ జారదు. చాలామంది దానికి ఇంకాస్త గ్రీజు పెడతారు. ఆ గ్రీజు మళ్లీ దుమ్మును పట్టుకుంటుంది, నెల తిరక్కుండా అదే తంతు. కిరోసిన్‌తో శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, పొడిగానే వదిలేయాలి. బ్యాటరీ నీరసంగా ఉన్నా ఇదే లక్షణం కనిపిస్తుంది, ఎందుకంటే మోటారు చటుక్కున వేగం అందుకోకపోతే పినియన్‌కి జారే ఊపు రాదు.

ఒక్కోసారి పినియన్ పళ్లలో ఇరుక్కుపోయి 'టక్'మని శబ్దం వచ్చి ఆగిపోతుంది. ఈ రకం లూకాస్ మోటార్లకు వెనక చివర ఒక చిన్న రేకు టోపీ ఉంటుంది. అది తీస్తే షాఫ్ట్ కొన నలుచదరంగా కనిపిస్తుంది. స్పానర్ పెట్టి తిప్పితే పినియన్ బయటికి వచ్చేస్తుంది. స్విచ్ ఆపి, టాప్ గేరులో వేసి బండిని ముందుకీ వెనక్కీ ఊపినా వస్తుంది. సుత్తితో బాదాల్సిన పని లేదు.

ఇక రెండో రకం ప్రీ ఎంగేజ్డ్. ఇందులో సొలినాయిడ్ మోటారు నెత్తిన ఉంటుంది. అది ముందు పినియన్‌ని రింగులోకి తోసి, ఆ తర్వాతే మోటారుకి పూర్తి కరెంటు ఇస్తుంది. ఇవాళ్టి పెట్రోల్, డీజిల్ కార్లలో దాదాపు అన్నిట్లో ఉన్నది ఈ రకమే, మీరు తెప్పించాలనుకుంటున్న గేర్ రిడక్షన్ మోటారు కూడా ఇదే కుటుంబం. ఇనర్షియా మోటార్లలో కొన్నిట్లో పినియన్ మోటారు వైపు జారుతూ రింగులో పడుతుంది, కొన్నిట్లో మోటారుకి దూరంగా జారుతుంది. ప్రీ ఎంగేజ్డ్‌లో మోటారుకి దూరంగానే వెళ్తుంది. పళ్లు తేలిగ్గా కలవడానికి రింగు పంటికి ఒక వైపు అంచు ఏటవాలుగా చెక్కి ఉంటుంది. పినియన్ ఏ వైపు నుంచి వస్తే ఆ వైపు ఆ చెక్కుడు ఉండాలి. మీ రింగుకి అవతలి వైపు చెక్కుడు ఉండి, మీరు ఇవతలి నుంచి వచ్చే పినియన్ ఉన్న మోటారు వేశారనుకోండి, పదును పంటికి పదును పన్ను తగులుతుంది. కొన్నాళ్లు పనిచేస్తుంది. రోజుకి కాస్త చొప్పున రింగుని కొరికేస్తుంది. మోటారు పాడైతే రెండు బోల్టులు విప్పితే సరిపోతుంది. రింగు పాడైతే గేర్‌బాక్స్, క్లచ్ దించాలి.

అందుకే మోటారు కొనడానికి కొట్టుకి వెళ్లే ముందు మీ రింగుని చూడమంటున్నాను. బ్యాటరీ ఎర్త్ వైరు ముందు ఊడదీయండి. మోటారు రెండు బోల్టులు విప్పి దించండి, చేతికి బరువుగానే ఉంటుంది, కింద ఎవరైనా పట్టుకోవాలి. మోటారు ఫ్లాంజికీ ప్లేటుకీ మధ్య పలుచటి ప్యాకింగ్ ఏదైనా ఉంటే భద్రంగా దాచండి, పినియన్ రింగుకి ఎంత దూరంలో ఉండాలో నిర్ణయించేది అదే. స్పార్క్ ప్లగ్గులు నాలుగూ తీసి, గేరు న్యూట్రల్‌లో పెట్టండి. ఒకరు ముందు నుంచి హ్యాండిల్‌తో మెల్లగా తిప్పుతుంటే మీరు టార్చి లైటుతో ఆ కన్నంలోంచి చూడండి. ఒక పంటికి సుద్ద గుర్తు పెట్టి, ఆ గుర్తు మళ్లీ వచ్చేదాకా పళ్లు లెక్కపెట్టండి. రెండుసార్లు లెక్కపెట్టి, రెండుసార్లూ ఒకే సంఖ్య వచ్చాకే కాగితం మీద రాయండి.

లెక్కపెడుతూనే పళ్ల ఆకారం చూడండి. నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఆపినప్పుడు ఎక్కడ పడితే అక్కడ ఆగదు, కంప్రెషన్ ఎదురు తన్ని దాదాపు రెండే చోట్ల ఆగుతుంది. ఆ రెండు చోట్లా, ఒకదానికొకటి ఎదురుగా, సెల్ఫ్ వేలసార్లు దెబ్బ వేస్తుంది. యాభై ఏళ్ల బండిలో ఆ రెండు భాగాల్లో పళ్లు మొద్దుబారి, అంచులు విరిగి ఉంటాయి. మిగతా పళ్లు మాత్రం కొత్తవాటిలా మెరుస్తుంటాయి. కాస్త అరుగుదలైతే ఫర్వాలేదు. పంటి పొడవులో మూడో వంతు పోయిందంటే మాత్రం ఎంత మంచి సెల్ఫ్ వేసినా మీకు అదే టెన్షన్. అప్పుడు ఎప్పుడైనా క్లచ్ పనికి గేర్‌బాక్స్ దించినప్పుడు రింగు పని కూడా కలిపి చేయించండి. కొత్త రింగు దొరక్కపోతే పాతదాన్నే ఊడదీసి, పావు చుట్టు జరిపి మళ్లీ ఎక్కించవచ్చు, మంచి పళ్లు దెబ్బ తగిలే చోటికి వస్తాయి. రింగుని చుట్టూ సమంగా వేడి చేసి ఎక్కించాలి. లేత నీలం రంగు తేలగానే మంట ఆపాలి. ఎర్రగా కాలిస్తే పళ్ల గట్టిదనం పోతుంది, ఏడాదిలోనే అరిగిపోతుంది. ఫ్లైవీల్ పని చేసిన చేతికే ఇది అప్పగించండి.

ఇప్పుడు పళ్ల కొలత. ఇక్కడ పాత బ్రిటిష్ బండ్లవాళ్లు బాగా మోసపోతారు. పాత ఇంగ్లిష్ కొలతల్లో పంటి సైజుని డయామెట్రల్ పిచ్‌లో (డి.పి.), అంటే అంగుళం వ్యాసానికి ఇన్ని పళ్లు అని చెబుతారు. జపాన్, యూరప్ మోటార్లలో మాడ్యూల్ అని మిల్లీమీటర్లలో చెబుతారు. 10 డి.పి. పంటిని మాడ్యూల్‌లోకి మారిస్తే 2.54 వస్తుంది. 2.5 మాడ్యూల్ పినియన్‌ని దాని పక్కన పెడితే కంటికి తేడా తెలియదు, చేత్తో తిప్పితే కలిసినట్టే ఉంటుంది. బరువు పడ్డాక మాత్రం ఒక్కో పంటి అంచు మీదే భారమంతా పడుతుంది. అందుకని "పళ్లు సరిపోయాయి సార్" అన్న మాటతో ఆగకండి. పాత పినియన్ పళ్ల సంఖ్య, బయటి వ్యాసం వెర్నియర్‌తో కొలిచి రాసుకోండి. కొత్త పినియన్ ఆ రెండిటితో కలవాలి. షాఫ్ట్ ఏ వైపు తిరుగుతుందో కూడా కలవాలి. పాత మోటారుని వైస్‌లో గట్టిగా బిగించి, జంపర్ వైర్లతో ఒక్క క్షణం కరెంటు తగిలించి తిరిగే దిశ గుర్తు పెట్టుకోండి. పినియన్ ఎగిరి వస్తుంది, వేళ్లు దూరంగా ఉంచాలి.

కొట్లో "అంబాసిడర్ సెల్ఫ్ కావాలి" అని మాత్రం అడగకండి. పశ్చిమ బెంగాల్ ఉత్తర్‌పాడాలో 1950ల చివర మొదలై 2014 మే దాకా నడిచిన బండి ఇది. 1489 పెట్రోల్, 1489 డీజిల్, 1990ల్లో వచ్చిన ఇసుజు 1800 పెట్రోల్, ఆ తర్వాత ఇసుజు డీజిల్, అన్నీ అదే బాడీలో తిరిగాయి. ఒకదాని సెల్ఫ్ ఇంకోదానికి పట్టదు. పాత మోటారు బాడీ మీద రకం నంబరు కొట్టి ఉంటుంది. లూకాస్‌లో ఎం35జి, ఎం418జి లాంటివి. ఆ నంబరు, పినియన్ పళ్లు, రింగు పళ్లు, బోల్టు కన్నాల మధ్య దూరం, ఫ్లాంజి గుండ్రటి మెట్టు వ్యాసం, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి. కుదిరితే పాత మోటారునే సంచిలో వేసుకుని వెళ్లండి. విజయవాడ ఆటోనగర్‌లో గానీ, చెన్నై పుదుప్పేటలో గానీ, కోల్‌కతా మల్లిక్ బజార్‌లో గానీ పక్కపక్కన పెట్టి చూసి కొన్నవాళ్లు మోసపోవడం తక్కువ.

రీకండిషన్ మోటారు మీద కొత్త నల్ల పెయింటు చూసి సంతోషపడకండి. చుట్టూ ఉన్న రేకు పట్టీని స్క్రూ విప్పి జరపమనండి. లోపలి వైపు సీసం చుక్కలు చిందినట్టు అతుక్కుని ఉంటే ఆ ఆర్మేచర్ ఒకసారి కాలిపోయేంత వేడెక్కి, కమ్యూటేటర్ (కార్బన్లు రాసుకునే రాగి పలకల చుట్టు) అతుకులు కరిగాయని అర్థం. అక్కడే వదిలేసి వచ్చేయండి. షాఫ్ట్ కొన పట్టుకుని పక్కలకి కదిపితే కొద్దిగా కూడా లొడలొడలాడకూడదు. కార్బన్లు (ఆర్మేచర్‌కి కరెంటు అందించే బొగ్గు ముక్కలు) 8 మిల్లీమీటర్ల కంటే పొట్టిగా ఉంటే అవి అయిపోయినట్టే. కొట్టువాళ్లు ఈ పట్టీ తీయడానికి ఒప్పుకోకపోతే ఇంకో కొట్టుకి వెళ్లండి.

ఇక మీ మోటారునే బాగు చేయించడం. నేను మొదటి దారి ఇదే అనడానికి కారణం, దాని పినియన్ మీ రింగుతో యాభై ఏళ్లుగా కలిసి నడిచింది. కొలతల గొడవే లేదు. ఈ మోటారులో అరిగేవి కూడా నాలుగే నాలుగు: కార్బన్లు, బుష్‌లు, కమ్యూటేటర్ పైపొర, బెండిక్స్ స్ప్రింగు. ఇవి నలుగురు మంచి పనివాళ్లున్న ఏ ఊళ్లోనైనా అయ్యే పనులు. కాకపోతే చేసేవాళ్లకి కొన్ని సంగతులు మీరే చెప్పాలి. డైనమో, ఆల్టర్నేటర్ పని అలవాటైన చేతులు సెల్ఫ్‌కి కూడా అదే చేస్తాయి.

మొదటిది బుష్‌లు. ఇవి నూనె పీల్చుకునే కంచు బుష్‌లు. కొట్టే ముందు ఇరవై నాలుగు గంటలు పలుచటి ఇంజిన్ ఆయిల్‌లో నానబెట్టాలి. పొద్దున ఇస్తే సాయంత్రానికి చేసిస్తామంటే, నానబెట్టలేదనే అర్థం. ఎక్కించాక లోపల రీమర్ పెట్టి పెద్దది చేయకూడదు, చేస్తే ఆ సన్నటి రంధ్రాలు పూడుకుపోయి నూనె రాదు. సరైన కొలత మాండ్రిల్ (నునుపైన ఉక్కు కడ్డీ) మీద పెట్టి నొక్కితే కన్నం దానంతటదే సరైన సైజుకి వస్తుంది. బుష్ అరిగితే ఆర్మేచర్ కిందికి జారి ఫీల్డ్ ఇనుప దిమ్మలకు రాసుకుంటుంది. చల్లగా ఉన్నప్పుడు ఎలాగో తిరుగుతుంది. వేడికి రాగి నిరోధం పెరిగి మోటారు బలం తగ్గగానే ఆ రాపిడిని గెలవలేక మూలుగుతుంది. మీ బండి లక్షణం అచ్చం ఇదే. మోటారు విప్పినప్పుడు ఆర్మేచర్ ఇనుప రేకుల మీద ఒక చోట మెరుపు గీతలు కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. అలా రాసుకుంటోందని ఆర్మేచర్ ఇనుముని లేత్ మీద పెట్టి తగ్గించకూడదు, బుష్ మార్చాలి.

రెండోది కమ్యూటేటర్. పలుచగా లేత్ మీద చెక్కి, సన్నటి గాజు కాగితంతో నునుపు చేస్తే చాలు. డైనమోకి చేసినట్టు రాగి పలకల మధ్య మైకాని హాక్సా బ్లేడుతో లోపలికి గీకుతారు. ఈ లూకాస్ సెల్ఫ్‌లకు అలా చేయకూడదు. ఇది నేను నేర్చుకున్న రోజుల్లో మా గురువుగారు చేయి మీద కొట్టి మరీ చెప్పారు. కార్బన్ పొడి ఆ గాళ్లలో చేరి పలకల్ని కలిపేస్తుంది.

కార్బన్లు నాలుగూ ఒకేసారి మార్చాలి, కమ్యూటేటర్ గుండ్రానికి సరిపోయేలా ముఖం దిద్దాలి, హోల్డర్‌లో ఎక్కడా పట్టేయకుండా పైకీ కిందికీ జారాలి. ఆర్మేచర్‌ని గ్రోలర్ అనే పరీక్ష యంత్రం మీద పెట్టి షార్ట్ చూడమనండి. ఆర్మేచర్ కాలి ఉంటే మళ్లీ వైండింగ్ చేయించడం కంటే అదే నంబరు ఇంకో మోటారు కొని, రెండిట్లో మంచివి కలిపి ఒకటి చేయించుకోవడం మేలు. సెల్ఫ్ ఆర్మేచర్‌లో ఉండేది బద్దల్లాంటి లావు రాగి, దాన్ని పాడవకుండా విప్పి మళ్లీ చుట్టే చేతులు ఇప్పుడు తక్కువైపోతున్నాయి.

గేర్ రిడక్షన్ గురించి కూడా న్యాయంగా చెప్పాలి, అది చెడ్డ వస్తువు కాదు. లోపల చిన్న మోటారు చాలా వేగంగా తిరుగుతుంది, దాన్ని గేర్లు సుమారు నాలుగో వంతుకి తగ్గించి ఆ మేరకు బలం పెంచుతాయి. పాతదానికంటే బాగా తేలిక. కరెంటు తక్కువ లాగుతుంది, బ్యాటరీ నీరసంగా ఉన్నా తిప్పుతుంది. రోజూ ఆఫీసుకి నడిపే పాత బండికి, కంప్రెషన్ పెంచిన ఇంజిన్‌కి నేనే వేయించాను. కానీ మీరు చూసిన ప్రకటనలో ఎం.జి.బి. అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారుకి సరిపోతుందని ఉంది, దానిదీ మీ అంబాసిడర్‌లాగే బి సిరీస్ ఇంజినే కదా అన్నారు. నిజమే, ఒకే వంశం. మీ 1489 ఇంజినే 1955లో ఎం.జి.ఎ. కారుకి కూడా ఇచ్చారు. ఎం.జి.బి.కి దాన్నే 1798 సి.సి. చేశారు. అయితే ఎం.జి.బి.లోనే 1967 చివర్లో గేర్‌బాక్స్ మార్చి, ఇనర్షియా సెల్ఫ్ తీసేసి ప్రీ ఎంగేజ్డ్ పెట్టారు. డైనమో పోయి ఆల్టర్నేటర్ వచ్చింది, ప్లస్ ఎర్త్ పోయి మైనస్ ఎర్త్ వచ్చింది. అంటే ఒకే కారులో ముందుదానికీ తర్వాతదానికీ సెల్ఫ్ మారదు. అలాంటప్పుడు పేరు చూసి మీ అంబాసిడర్‌కి తెప్పించడం పెద్ద సాహసం. అమ్మేవాళ్లకి మీ రింగు పళ్ల సంఖ్య, పినియన్ కొలత, చెక్కుడు ఏ వైపుందో ఫొటోతో సహా పంపండి. రాతపూర్వకంగా సరిపోతుందని చెబితేనే ముందుకెళ్లండి.

ఎర్త్ సంగతి ఇంకా ముఖ్యం. అంబాసిడర్‌కి మూలమైన మారిస్ ఆక్స్‌ఫర్డ్ ప్లస్ ఎర్త్ బండి, అంటే బ్యాటరీ ప్లస్ పోస్టు బాడీకి కలిపి ఉంటుంది. మీ బండి ఎలా ఉందో మీరు చెప్పలేదు. బానెట్ ఎత్తి బ్యాటరీ ఏ పోస్టు బాడీకి వెళ్తోందో చూడండి. పాత లూకాస్ మోటారులో ఫీల్డ్ కాయిల్ ఉంటుంది, ప్లస్ మైనస్ తారుమారు చేసినా ఫీల్డ్, ఆర్మేచర్ రెండూ కలిసి తిరగబడతాయి కాబట్టి మోటారు అదే వైపు తిరుగుతుంది. చాలా గేర్ రిడక్షన్ మోటార్లలో ఫీల్డ్ కాయిల్ బదులు శాశ్వత అయస్కాంతాలు ఉంటాయి. వాటిని ప్లస్ ఎర్త్ బండిలో పెడితే వెనక్కి తిరుగుతాయి. ఇంజిన్ కదలదు, మోటారు మాత్రం అరుస్తుంది. ఒక పెద్దాయన బండికి ఒక షెడ్డులో ఇలాగే పెట్టి, మోటారు పాడైందని తిప్పి పంపి, ఇంకోటి తెప్పించి, అది కూడా పాడైందన్నారు. బండి నా దగ్గరికి వచ్చాక బ్యాటరీ చూస్తే సంగతి తెలిసింది. రెండు మోటార్లూ బంగారంలా ఉన్నాయి. ఆయన మూడు నెలలు బండి తీయలేకపోయారు, మనవరాలి పెళ్లికి ఆ కారులోనే వెళ్లాలని ఎదురుచూసిన మనిషి. నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అయస్కాంతాల మోటారుకి ఇంకో జాగ్రత్త. పాత అలవాటుతో సుత్తితో తట్టకూడదు, లోపలి అయస్కాంతం గాజులా పగులుతుంది.

వైరింగ్ కూడా మారుతుంది. మీ విడి సొలినాయిడ్‌ని ఉంచి, కొత్త మోటారు పెద్ద టెర్మినల్‌కీ చిన్న టెర్మినల్‌కీ మధ్య ఒక వైరు ముక్క కలిపేసి పని కానిస్తారు. ఇంజిన్ స్టార్ట్ అయి మీరు కీ వదిలాక కూడా తిరుగుతున్న అయస్కాంతాల మోటారు కాసేపు తానే కరెంటు పుట్టిస్తుంది. ఆ కరెంటు ఆ ముక్క గుండా సొలినాయిడ్‌ని పట్టుకునే ఉంచి, పినియన్ వెంటనే వెనక్కి రాకుండా చేస్తుంది. సరైన పద్ధతి, బ్యాటరీ లావు కేబుల్ నేరుగా మోటారు పెద్ద టెర్మినల్‌కి, పాత సొలినాయిడ్ నుంచి చిన్న టెర్మినల్‌కి విడిగా వైరు. అప్పుడు ఆ లావు కేబుల్‌లో ఎప్పుడూ కరెంటు ఉంటుంది కనుక టెర్మినల్‌కి రబ్బరు తొడుగు, బ్యాటరీ దగ్గర కట్ ఆఫ్ స్విచ్ తప్పనిసరి.

బిగించేటప్పుడు ఒక్క మాట. మీ బి.ఎం.సి. (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) ఇంజిన్ బోల్టులు అంగుళాల లెక్కలో యు.ఎన్.ఎఫ్. థ్రెడ్. పాత బోల్టు పోయిందని దగ్గర్లో ఉన్న మిల్లీమీటరు బోల్టు పట్టించి బిగిస్తే రెండు చుట్లు తిరుగుతుంది, మూడో చుట్టుకి థ్రెడ్ కోస్తుంది. బిగించాక ప్లగ్గులు లేకుండానే నాలుగైదు సార్లు సెల్ఫ్ కొట్టి వినండి. ఆగి ఉన్నప్పుడు పినియన్‌కీ రింగుకీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. ఇంజిన్ నడుస్తుండగా సన్నటి ఈల లాంటి శబ్దం వస్తే రాసుకుంటోందని అర్థం, వెంటనే ఆపి ప్యాకింగ్ సరిచేయండి.

ఈ ఆదివారం ముందు మీటరు పరీక్షలు చేసి ఆ మూడు అంకెలు ఇక్కడ రాయండి. బ్యాటరీ ఏ పోస్టు బాడీకి ఉందో, మోటారు మీద నంబరు ఏముందో కూడా రాయండి. మోటారు దించితే రింగు పళ్ల ఫొటో రెండు అరిగిన చోట్లా, ఒక మంచి చోటా తీసి పెట్టండి. అవి చూస్తే బుష్‌లు, కార్బన్లతో పని అయిపోతుందా లేదా అన్నది గట్టిగా చెప్పగలను. అప్పటిదాకా ఆ మోటారుని పాత ఇనుముకి వేయడానికి మాత్రం ఒప్పుకోకండి.